పంటికి తగలని రాయి

ఫోను మోగేసరికి పిచిక వాగులో నిలబడి ఉంది. పైజామా మోకాళ్ళ పైకి మడిచి, చున్నీ నడుముకి బిగించి, చేతికొక తడి రాయి చొప్పున పట్టుకుని ఉంది. ఫోనేమో మెడలో వేలాడే సంచిలో ఉంది. రాళ్ళు వదిలితే కొట్టుకుపోతాయి, వదలకపోతే ఫోను ఆగిపోతుంది. చివరికి ఒక రాయిని చంకలో ఇరికించి, రెండోదాన్ని పక్కనే వంగి వెతుకుతున్న మొగుడి చేతిలో కుక్కి, ఫోను చెవికి ఆనించింది.

“అమ్మాయ్, విన్నావా? కట్టు విప్పేశారు!” అంది అవతలి నుంచి పెద్దత్తయ్య. ఆవిడ ఫోనులో మాట్లాడాలంటే నిజానికి ఫోను అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. “వేళ్ళు అయిదూ ఆడుతున్నాయి. మీ మావయ్య చెయ్యి కలిపితే డాక్టరే ‘అబ్బా’ అన్నాడు. ఇక పని చేసుకోవచ్చట!”

పిచిక వేసిన కేకకి అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతున్న కుక్క పారిపోయింది. చంకలో రాయి బుడుంగున నీళ్ళలో పడింది.

“పోతే పోయిందిలే! కత్తెరా, మావయ్య చెయ్యి వచ్చేసింది!”

కత్తెర అన్నది అతని అసలు పేరు కాదు. కాలేజీ హాస్టల్లో సగం తలలు అతని చేతి కిందే ఉండేవి కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. నలుగురిలో ఆమె ‘ఏవండీ’ అనేది, ఇద్దరే ఉన్నప్పుడు ‘కత్తెరా’ అనేది. సంతోషం ఎక్కువైతే నలుగురిలోనూ కత్తెరే. ఇక ఆమెకి పిచిక అన్న పేరు పుట్టింటివాళ్ళు ఎందుకు పెట్టారో ఆమె పక్కన ఒక్క పూట కూర్చున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఇంతలో ఫోను చేతులు మారింది. పెద్దమావయ్య గొంతు వినిపించింది. ఆయన కత్తెరకి పెదనాన్న, పని నేర్పిన గురువు, సెలూను యజమాని.

“ఆఁ, చెయ్యొచ్చింది. మంచిదే. మీరు హాయిగా తిరగండి, తినండి, ఫోటోలు తీసుకోండి. కుర్చీ సంగతి మాత్రం మారదు. వచ్చే వారం ఆ మనిషొచ్చి పట్టుకెళ్తాడు.”

“అదేంటి మావయ్యా! చెయ్యి బాగైంది కదా?”

“చెయ్యి బాగైందమ్మా. రాయి బాగవుతుందా?” అని ఆయన ఫోను పెట్టేశాడు.

భార్యాభర్తలిద్దరూ వాగులో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంతోషం వచ్చి గుమ్మంలో నిలబడింది కానీ లోపలికి రానంటోంది.

వాళ్ళ సెలూన్లో రెండు కుర్చీలు. కిటికీ వైపుది పెద్దమావయ్యది. ఇనప పాదం, అరిగిన తోలు చేతులు, వెనక్కి వాలేటప్పుడు ముసలాయన నిట్టూర్చినట్టు ఒక చప్పుడు. ఆ కుర్చీలో ఆయన గడ్డం గీసేది మడతకత్తితోనే. బ్లేడు మార్చుకునే కత్తుల్ని ఆయన ముట్టుకోడు. రోజూ షాపు తెరవగానే తన గురువు ఇచ్చిన అరచేతంత నల్ల సానరాయి మీద కత్తి నూరి, తోలుపట్టీ మీద లాగి, తర్వాతే మొదటి మనిషిని కూర్చోబెట్టేవాడు. ఒక వాన పొద్దున ఆ రాయి పట్టుకుని షాపు మెట్టు మీద జారాడు. రాయికి దెబ్బ తగలకూడదని చూసుకుంటూ పడ్డాడు. దాంతో మణికట్టూ విరిగింది, రాయీ విరిగింది. మణికట్టుకి కట్టు వేశారు. రాయికి కట్టు వేసే డాక్టరు ఎక్కడా దొరకలేదు.

కత్తెర బజారంతా తిరిగి రకరకాల సానరాళ్ళు తెచ్చాడు. వాటి మీద కత్తి నూరి చూపిస్తే, పెద్దమావయ్య ఎడం చేత్తో దాన్ని తన చెంపకి ఆనించి, “ఇది గీయడం లేదురా, గోకుతోంది” అన్నాడు. ఆ మర్నాడే తన కుర్చీ మీద దుప్పటి కప్పేశాడు. దాన్ని అమ్మేస్తానని, ఆ చోట ఏదైనా కొత్త సరంజామా పెట్టుకోమని చెప్పేశాడు.

ఆ కుర్చీ వెళ్ళిపోతుందన్న మాట పిచిక తట్టుకోలేకపోయింది. కారణం ఉంది. ఆమె పెళ్ళి కుదిరింది ఆ కుర్చీలోనే. వాళ్ళ నాన్న ఎన్నో ఏళ్ళుగా పెద్దమావయ్య దగ్గరే గడ్డం గీయించుకునేవాడు. పిల్లలిద్దరూ కాలేజీలో ఒకరినొకరు ఇష్టపడ్డారని ఇరువైపులా తెలుసు కానీ నోరు విప్పి అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు పెద్దమావయ్య, నాన్న మొహం నిండా నురగ పట్టించి, కత్తి గొంతు మీదికి తెచ్చి, “మా వాడికి మీ అమ్మాయినిస్తారా?” అని నెమ్మదిగా అడిగాడు. “ఆ సమయంలో తల అడ్డంగా ఊపితే నేను మిగులుతానా?” అని నాన్న ఇప్పటికీ అందరికీ చెప్పుకుని నవ్వుతాడు.

అందుకే పెళ్ళయ్యాక ఎక్కడికి వెళ్దామని కత్తెర అడిగితే ఆమె సముద్రం అనలేదు. పెద్దమావయ్య గురువు ఆ రాయిని కొండవాగులో, పొరలు పొరలుగా పలకరాయి పైకి తేలే చోట ఏరానని చెప్పేవాడట. ఏ కొండో, ఏ వాగో ఎవరికీ తెలియదు. పలకరాళ్ళున్న ఒక కొండ ఊరు, దాని కింద ఒక వాగు, అద్దెకి దొరికే ఒక గది ఉంటే చాలనుకున్నారు. స్నేహితురాళ్ళు మాత్రం వదల్లేదు. “హనీమూన్‌కి వెళ్ళి రాళ్ళేరుకుంటావుటే?” అని ఒకటే నవ్వు. ఆమె కూడా నవ్వింది. పెళ్ళయిన దగ్గర్నుంచి పిచికకి కనబడిన ప్రతిదానికీ థాంక్స్ చెప్పాలనిపించే జబ్బు ఒకటి పట్టుకుంది. బస్సు డ్రైవరుకి చెప్పింది. గది తాళం బాగా తిరిగిందని తాళానికి కూడా చెప్పింది.

వాళ్ళ గదిలో కిటికీ కింద బల్ల ఉంది. దాని మీద పాత పేపరు పరిచి రాళ్ళు వరసగా పేర్చారు. వాగులో తడిగా మెరిసినప్పుడు ప్రతి రాయీ పెళ్ళికొడుకులా ఉంటుంది, ఆరాక చూస్తే సగానికి సగం మొహాలు తేలిపోతాయి. మిగిలిన వాటికి కత్తెర పరీక్ష పెట్టేవాడు. రాయి మీద నీటి చుక్క వేసి అది ఇంకకుండా ఎంతసేపు నిలుస్తుందో చూసేవాడు. తర్వాత అదే రాయి ముక్కతో దాన్ని రుద్దితే చిక్కటి బురద వచ్చేది. సెలూన్లో దాన్ని గంధం అంటారు. ఆ గంధాన్ని వేలితో తీసి ముందరి పళ్ళ మధ్య నలిపి చూడాలి. కరుకు తగిలితే రాయి పనికిరాదు. వేలికి తెలియనిది పంటికి తెలుస్తుందంటూ పెద్దమావయ్య నేర్పిన పద్ధతి ఇది.

తమాషా ఏమిటంటే, కత్తెర పంటికి అన్ని రాళ్ళూ ఒకేలా ఉండేవి. పిచిక పన్ను మాత్రం ఇట్టే పట్టేసేది.

“ఇది ఇసుక. ఇది కూడా ఇసుకే. ఇది పర్వాలేదు. ఇదీ... అబ్బో, ఇది బావుంది కత్తెరా, నోట్లో ఏమీ లేనట్టే ఉంది!”

“ఎలా తెలుస్తోందే నీకు?”

“మా ఇంట్లో ఆకుకూర సరిగ్గా కడగకపోతే మొదట పట్టేసేది నేనే. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే మా అమ్మ పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూసేది.”

పంటి పరీక్ష దాటిన రాయి మీద కత్తెర తన కత్తి నూరేవాడు. ఆ పదునుని ముంజేతి మీది వెంట్రుకలతో పరీక్షించేవాడు. ఆ పరీక్షల ధాటికి అతని రెండు చేతులూ పిల్లాడి చేతుల్లా నున్నగా తయారయ్యాయి. పిక్కలు కూడా అయిపోయాయి. ఇక వేరే దారిలేక ఆమె జడలోంచి ఒక్కో వెంట్రుక తీసుకోవడం మొదలుపెట్టాడు. వెంట్రుకని చివర పట్టుకుని కత్తి అంచు మీదికి వదిలితే, మంచి పదునైతే అది తగలగానే తెగిపోవాలి.

“చూడు నాయనా, మన సెలవు అయ్యేసరికి నాకు గుండు మిగిల్చేలా ఉన్నావు. అప్పుడు మీ షాపులో నాకు పనేం ఉండదు.”

కానీ ఏ రాయి మీద నూరినా వెంట్రుక తెగేది కాదు. అంచు మీద చిక్కుకుని వేలాడేది. అలా ఓడిపోయిన రాళ్ళన్నీ గెస్ట్‌హౌస్ ఆవిడ పాలయ్యాయి. ఆవిడ వాటిని పూలకుండీల చుట్టూ పేర్చుకునేది. “ఇంకో వారం ఉండండమ్మా, గోడ కూడా కట్టేసుకుంటాను” అని వేళాకోళం ఆడేది.

ఫోను వచ్చిన రోజు మధ్యాహ్నం కూడా అదే జరిగింది. పొద్దున తెచ్చిన వాటిలో పిచిక పన్ను ఒప్పుకున్న రెండు రాళ్ళ మీదా వెంట్రుక అలాగే వేలాడింది. కత్తెర కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు.

“పిచికా, కోప్పడకు. నీ పన్ను పాసు చేసినవన్నీ కత్తి దగ్గర ఫెయిలవుతున్నాయి.”

“అయితే నా పన్నుదా తప్పు?”

“తప్పని కాదు. ఆకుకూర వేరు, రాయి వేరు అంటున్నాను.”

“అంత తెలిసినవాడివి నువ్వే కొరుక్కో!”

అతను మంచం అంచున కూలబడ్డాడు. “ఇంకో మాట చెప్పనా? రాయి దొరికినా పెదనాన్న రాడేమో. ఆయన బాధ రాయి గురించి కాదనిపిస్తోంది నాకు. కట్టు ఉన్నప్పుడు రోజూ ఆ వేళ్ళ వంకే చూస్తూ కూర్చునేవాడు. చెయ్యి వణుకుతుందేమో, ఎవరి గొంతైనా తెగుతుందేమో అని భయం. ఆ మాట పైకి అనలేక రాయి లేదంటున్నాడు.”

పిచిక కోపం ఎటు పోయిందో పోయింది. వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

“అయితే రాయి దొరికి తీరాలి కత్తెరా,” అంది. “రాయి లేనంతసేపూ ఆయనకి ఆ మాట అడ్డం ఉంది. అది తీసేస్తేనే కదా, అసలు సంగతి బయటికొచ్చేది.”

నోట్లో ఇంకా రాతిగంధం రుచే ఉందని లేచి నోరు పుక్కిలించింది. సింకు పక్కన వేలాడుతున్న పసుపు తువ్వాలుతో మూతి తుడుచుకుంది. పళ్ళ మధ్య కర్రుమంది.

ఆగిపోయింది. మళ్ళీ పుక్కిలించి, మళ్ళీ తుడుచుకుంది. మళ్ళీ కర్రుమంది. ఈసారి తువ్వాలు అంచునే పళ్ళ మధ్య పెట్టి కొరికింది.

“ఏం చేస్తున్నావే? ఆకలైతే చెప్పొచ్చుగా!”

“కత్తెరా, ఈ తువ్వాలుతో ఏమేం తుడిచాం?”

“అన్నీ. రాళ్ళు, చేతులు, కత్తి...” అంటూనే అతను కూడా ఆగిపోయాడు.

వచ్చిన రోజు నుంచీ అదే తువ్వాలు. పనికిరాని ఇసుకరాళ్ళని తుడిచింది దానితోనే. ప్రతి రాయి మీదా పెట్టేముందు శుభ్రంగా ఉండాలని కత్తిని తుడిచింది కూడా దానితోనే. కొత్త సంసారం కదా అని పిచికే మురిపెంగా కొనితెచ్చిన తువ్వాలు. అది ఇసుకని దాచిపెట్టుకుని ప్రతిసారీ కత్తి అంచుకి అంటిస్తోంది. సున్నితమైన రాయి మీద ఆ రేణువు ఒక్కటి చాలు, అంచంతా పాడైపోవడానికి. వాళ్ళు ఇన్నాళ్ళూ రాళ్ళని పరీక్షించలేదు. తువ్వాలుని పరీక్షించారు.

కత్తెర రెండు చేతులూ జోడించి ఆమె ముందు నిలబడ్డాడు. “తల్లీ, నీ పంటికి క్షమాపణలు.”

“పంటికి తర్వాత చెప్పుకో. ఓడిపోయిన రాళ్ళెక్కడున్నాయి?”

ఇద్దరూ ఒక్క పరుగున కిందికి దిగారు. గెస్ట్‌హౌస్ ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. వీళ్ళు కుండీల ముందు మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పెరకడం చూసి చెంబు పక్కన పెట్టేసింది.

“ఇచ్చినవి వెనక్కి తీసుకుంటారా? ఇదెక్కడి మర్యాద!”

“ఆంటీ, మా మావయ్య కుర్చీ మీ గులాబీ కింద ఉంది,” అంది పిచిక. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల మొహం చూశాక కాదనలేక, తనే వంగి గులాబీ కుండీ జరిపింది. పిచిక ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టేసింది.

రాళ్ళన్నీ కుళాయి కింద కడిగారు. చేతులు కడుక్కున్నారు. కత్తిని తోలుపట్టీ కూడా తాకనివ్వకుండా నీళ్ళలో కడిగి, కత్తెర తన పెట్టె అడుగున ఉన్న మడత విప్పని చేతిరుమాలు తీసి తుడిచాడు. పిచిక ఆ రుమాలుని కూడా ముందు కొరికి, “పాసు” అంది.

మొదటి రాయి మీద వెంట్రుక వేలాడింది. రెండోది మధ్యలో పొరగా చీలిపోయింది. మూడోది కొంచెం ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, ఒక పక్కన తెల్లటి సన్నని గీత. దాని మీద నీటి చుక్క పడుకుని నిద్రపోతున్నట్టు అలాగే ఉండిపోయింది. గంధం చిక్కగా వచ్చింది. పిచిక పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏమీ తగల్లేదు. నోట్లో ఉందన్న సంగతి ఆ చల్లదనం వల్లే తెలిసింది.

కత్తెర నూరడం మొదలుపెట్టాడు. ముందు బురదతో, తర్వాత నీళ్ళు కలిపి పలచన చేస్తూ, చివరికి వట్టి నీళ్ళతో. బరువు వేయకుండా, కత్తి తన బరువుతోనే నడిచేట్టు. గది నిండా సన్నటి సుయ్‌సుయ్‌మనే చప్పుడు. పిచిక తనే ఒక వెంట్రుక తెంపి అతని చేతికిచ్చింది. అతను దాన్ని అంచు మీదికి వదిలాడు.

వెంట్రుక తెగిందో లేదో వాళ్ళకి వెంటనే తెలియలేదు. సగం అతని వేళ్ళ మధ్య ఉంది. మిగతా సగం బల్ల మీది పేపరు మీద పడి ఉంది. మధ్యలో ఏమీ జరగనట్టే ఉంది.

కత్తెర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నవ్వబోయి తను కూడా ఏడ్చేసింది. తర్వాత రాయిని రెండు చేతుల్లోకి తీసుకుని, బిడ్డతో మాట్లాడినట్టు, “థాంక్సమ్మా, చాలా థాంక్స్” అంది. అతను నవ్వలేదు. అతను కూడా దాని మీద చెయ్యి వేశాడు.

పిచికే ఫోను చేసింది. పెద్దమావయ్య ఎత్తాడు. దొరికిందని చెప్పగానే ఆయన మురిసిపోలేదు. నెమ్మదిగా అడగడం మొదలుపెట్టాడు.

“నీళ్ళు నిలిచాయా?”

“నిలిచాయి మావయ్యా.”

“గంధం ఏ రంగు?”

“లేత బూడిద. పాలు కలిపినట్టుంది.”

“పంటికి?”

“ఏమీ తగల్లేదు.”

పిచిక మొగుడి వంక చూసింది. అతను అడగమన్నట్టు తలూపాడు.

“మావయ్యా, ఒక మాట అడుగుతాను, తిట్టకండి. చెయ్యి వణుకుతోందా?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఇందాక టీ కప్పు పట్టుకుంటే వణికిందమ్మా. సాసర్లో ఒలికింది.”

“కప్పు సంగతి కాదు. కత్తి పట్టుకున్నారా?”

“లేదు.”

“పట్టుకుని చూడండి. మేం ఫోన్లోనే ఉంటాం. ఎవరి గొంతూ అక్కర్లేదు, ఊరికే గాల్లో పట్టుకోండి.”

“ఏమేవ్, బీరువాలోంచి నా కత్తి తే,” అన్న మాట వినిపించింది. గాజుల చప్పుడు, బీరువా తలుపు కిర్రుమనడం, పెద్దత్తయ్య గొణుగుడు వినిపించాయి. తర్వాత మడత విప్పినప్పుడు వచ్చే చిన్న టక్కు. ఆపైన ఏమీ లేదు. వీళ్ళిద్దరూ ఒకే ఫోనుకి చెరో చెవీ ఆనించి ఊపిరి బిగబట్టారు.

“ఏమవుతోంది? అత్తయ్యా, ఏమవుతోంది?”

“కదలట్లేదే!” పెద్దత్తయ్య గొంతు గుసగుసకి ప్రయత్నించి విఫలమైంది. “గోడకి కొట్టిన మేకులా ఉంది చెయ్యి! ఏవండీ, మీరు ఊపిరి తీసుకోండి, చెయ్యి కదలకపోతే ఊపిరి కూడా ఆపాలా?”

“నువ్వు కాస్త ఆగు,” అన్నాడు పెద్దమావయ్య. కానీ ఆ గొంతు పొద్దున ఫోను పెట్టేసిన గొంతు కాదు. “అమ్మాయ్, దీనికి పదునే లేదు. అంచున మరక కూడా పట్టింది. మీరెప్పుడొస్తున్నారు?”

“ఆదివారం దాకా గది తీసుకున్నాం మావయ్యా. కావాలంటే రేపే బయల్దేరి—”

“పిచ్చిదానా, సెలవు మానుకుని వస్తారా? అక్కర్లేదు. ఆదివారం దాకా ఆగడం మాత్రం నా వల్ల కాదు.” ఆయన పక్కకి తిరిగి, “ఆ కుర్చీ మనిషికి ఫోను చేసి రావద్దని చెప్పు. మాట తప్పానని తిడితే పడతాను” అన్నాడు. పెద్దత్తయ్య తర్వాత చేద్దాంలే అనబోతే, “ఇప్పుడే చెప్పు, మళ్ళీ మర్చిపోతావు” అని కూడా అన్నాడు.

కత్తెర ఫోను లాక్కున్నాడు. “పెదనాన్నా! మరి...”

“ఏరా, ఏడుస్తున్నావా? మొగుడివయ్యావు, సిగ్గులేదూ? ఫోను అమ్మాయికివ్వు. నీకు పంటి పరీక్షే రాదు, నీతో నాకేం మాటలు?”

పిచిక ఫోను అందుకుంది. నవ్వు ఆపుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆయన చెప్పినదంతా “ఆఁ, ఆఁ” అంటూ విని, ఫోను పెట్టి నేరుగా కిందికి దిగింది. గెస్ట్‌హౌస్ ఆవిడ కుండీల చుట్టూ ఖాళీ అయిన చోట్ల మట్టి సర్దుతోంది.

“ఆంటీ, మీకు చాలా థాంక్స్. గులాబీకి కూడా. మా పక్క గది ఖాళీయేనా?”

“ఖాళీయే. ఎవరికమ్మా?”

“మా మావయ్యకీ, అత్తయ్యకీ. రేపు పొద్దున మొదటి బస్సు ఎక్కుతున్నారు.”

“హనీమూన్‌కి అత్తమామలా?” ఆవిడ చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది.

“అవునండీ!” అంది పిచిక. ఆ మాట అంటుంటే తన అదృష్టానికి తనకే నవ్వొచ్చింది. “మావయ్య కత్తి తెస్తున్నారు. భోజనాలయ్యాక అందరం వాగుకి వెళ్తాం. ఆయన అక్కడే బండ మీద కూర్చుని నూరి, మా ఆయన గడ్డం గీస్తారట. మీరూ రేపు రండి ఆంటీ, కుర్చీ ఒకటి మీ దగ్గర్నుంచే తీసుకెళ్తాం.”